ఎడమ చెవికి మాత్రమే

ఇంజన్ల జబ్బు కనిపెట్టడానికి నా దగ్గర రెండు పనిముట్లున్నాయి. ఒకటి మూరెడు పొడవున్న స్క్రూడ్రైవరు. రెండోది నా ఎడమ చెవి. స్క్రూడ్రైవరు ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది.

నడుస్తున్న ఇంజన్ మీద స్క్రూడ్రైవరు కొన ఆనించి, పిడిని చెవికి గట్టిగా అదుముకుంటే, ఇనుము కడుపులోని మాటలన్నీ పిడి దాకా నడిచొస్తాయి. ఏ సిలిండరు దగ్గుతోందో, ఏ బేరింగు పళ్ళు నూరుతోందో తెలిసిపోతుంది. ఇది నాకెవరూ నేర్పలేదు. నేను బడి మానేశానని చెప్పుకుంటాను గానీ, నిజానికి బడే నన్ను మానేసింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఇంజన్లు చెబితే విన్నదే. నాది ఎడమచేతివాటం కాబట్టి ఎడమ చెవితో విన్నాను. అలా విని విని 'చెవి డాక్టరు' అని పేరొచ్చింది. పేరు వచ్చాక చెవి పోయింది.

ఎడమది పూర్తిగా పోయింది. కుడిది స్టేషను సరిగ్గా తగలని రేడియోలా ఉంది. గోడలకి చెవులుంటాయంటారు. ఆ లెక్కన మా షెడ్డులో గోడలే నాకంటే నయం.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పను? వంటవాడికి నాలుక పోయిందని తెలిస్తే ఎవరైనా వాడి చేతి వంట తింటారా? అందుకని నెట్టుకొచ్చాను. నా కిటుకు ఇదీ. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని కళ్ళు సగం మూసి, మిగిలిన సగంతో బండి యజమాని ముఖం చూస్తాను. చప్పుడు వచ్చినప్పుడల్లా పంటినొప్పి వచ్చినట్టు ఆ ముఖం ముడుచుకుంటుంది. అది ముడుచుకున్నప్పుడు నేను తలాడిస్తాను. మిగతాది నా అరచెయ్యి చూసుకుంటుంది. ఇంజన్ మీద ఆనిస్తే అదురులో తేడా దానికి తెలిసిపోతుంది. అరచెయ్యి అబద్ధం చెప్పదు. ఆ పని నేను చేస్తాను.

పక్క కొట్టు పంక్చరు బావ ఒకసారి పట్టుకోబోయాడు.

"ఏం బావా, నిన్న నీ వెనకాలే అంతసేపు హారన్ కొడితే పక్కకి జరగవేం?"

"చిన్న చిన్న హారన్లకి జరిగే వయసు దాటిపోయింది బావా" అన్నాను. నవ్వి వదిలేశాడు.

మా ఆవిడ మాత్రం ఏనాడూ ఏమీ అడగలేదు. షెడ్డుకి వస్తే నన్ను పేరు పెట్టి పిలవదు సరే, అసలు పిలవనే పిలవదు. నేను బండి కింద పడుకుని ఉంటే కాళ్ళు మాత్రం బయటికి ఉంటాయి కదా. వంగి నా బూటు అడుగున వేలి కణుపులతో మూడుసార్లు తడుతుంది, తలుపు తట్టినట్టు.

"ఇదేం సరదా?" అని అడిగానొకసారి.

"మీ ఇంటి తలుపు అదే కదండీ" అంది.

నేను నవ్వాను. అది సరదా కాదని నాకు తట్టలేదు. వినపడదు సరే, తట్టకపోవడానికేం రోగం?

ఆ రోజు ముసురు. షెడ్డు రేకుల మీద వాన పడుతోందని నేలమీద నీళ్ళు చూసి తెలుసుకున్నాను. దీపాలు పెట్టే వేళకి ఒక పికప్ వచ్చి ఆగింది. తోలేది గుడ్లక్క. కోళ్ళ ఫారాల నుంచి గుడ్లు తెచ్చి కొట్లకి వేస్తుంది కాబట్టి ఆ పేరు. గతుకుల రోడ్డు మీద కూడా ఒక్క గుడ్డు చిట్లకుండా తోలే మనిషి. ఆ రోజు బండి దిగుతుంటే మెట్టు తప్పింది. కళ్ళ కింద ఇంజన్ ఆయిలు పూసినట్టు నలుపు.

"అన్నయ్యా, బండిలో చప్పుడు."

"ఎలాంటి చప్పుడమ్మా?"

"టక్ టక్ టక్ అని ఆగుతుంది. కాసేపాగి మళ్ళీ టక్ టక్ టక్. నా కాళ్ళ దగ్గర్నుంచి వస్తుంది."

నాకు బుర్రంటూ ఉంటే అక్కడే వెలగాలి. ఇంజన్ చప్పుడుకి ఆగడం తెలియదు. బేరింగు పోతే ఇంజన్ తిరిగినంతసేపూ కొడుతూనే ఉంటుంది, ఊపిరి తీసుకోదు. కానీ పేరున్నవాడు ఆలోచించడు. స్క్రూడ్రైవరు తీశాను.

"మావారు వినపడట్లేదన్నారు. మా అత్తగారు వినపడట్లేదన్నారు. మెయిన్ రోడ్డు మీద పెద్ద గ్యారేజీలో అందరూ తలలు దూర్చి మరీ విన్నారు. ఏమీ లేదన్నారు. మావారు నిన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నారు." ఆవిడ చీకట్లోకి చూసింది. "బండిని కాదన్నయ్యా. నన్ను."

"ఛ, అవేం మాటలమ్మా."

"మీకూ వినపడకపోతే నేనే వెళ్ళిపోతాను ఆ డాక్టరు దగ్గరికి. మీ చెవికి వినపడనిది లేనట్టే కదా."

ఇంజన్ స్టార్ట్ చేసింది. అరచెయ్యి ఆనించాను. నిద్రపోతున్న పసిపిల్ల గుండెలా ఉంది ఇంజన్. ఒక్కో సిలిండరుకీ డీజిలు వెళ్ళే పైపు నట్టు కాస్త వదులు చేసి చూశాను. ఏది ఆపినా ఇంజన్ ఒకేలా తడబడింది, అదురులో ఏ సిలిండరుకీ తేడా లేదు. కానీ ఆవిడ ముఖం ముడుచుకుంటోంది. ముడుచుకుని, సర్దుకుని, మళ్ళీ ముడుచుకుంటోంది. చెయ్యి లేదంటోంది, ముఖం ఉందంటోంది. అలాంటప్పుడు ఎప్పుడూ చేతినే నమ్మాలి.

నేను నమ్మలేదు. పెద్ద గ్యారేజీలో వాళ్ళకి వినపడలేదంటే చప్పుడు లేదని అర్థం. నాకు వినపడకపోతే? లేనిది చప్పుడా, నా చెవా? ఒకవేళ ఉండి, నేను లేదని పంపించి, రేపు రోడ్డు మీద ఇంజన్ పట్టేస్తే, 'చెవి డాక్టరు చెవిటివాడట' అని పంక్చరు బావ దగ్గర్నుంచి అందరూ...

"వినపడుతోందా అన్నయ్యా?"

"ఎందుకు వినపడదమ్మా" అన్నాను. "వినపడుతోంది. స్పష్టంగా."

ఆవిడ భుజాలు జారిపోయాయి. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది. కాసేపటికి తల ఎత్తి, చెవి రిక్కించి, ఆశ్చర్యంగా నా వైపు చూసింది.

"ఆగిపోయింది" అంది.

సరిగ్గా అప్పుడే, నా ఎడమ చెవిలో...

టక్. టక్. టక్.

మీకు నవ్వు రావచ్చు, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాళం వేసి తాళంచెవి పారేసిన గది అది. అందులోంచి చప్పుడు వినపడింది. నా కుడి చెవికి నా గొంతే సరిగ్గా వినపడదు, అలాంటిది ఎడమ చెవిలో ఆ చప్పుడు గాజు మీద గోరుతో కొట్టినంత శుభ్రంగా ఉంది. చెవి తిరిగొచ్చింది అనుకున్నాను. ఆ సంతోషంలో ఛాతీ విరుచుకుని, "బిగ్ ఎండ్ బేరింగు పోయిందమ్మా. రాత్రికి విప్పుతాను, పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళు" అన్నాను.

గుడ్లక్క ముఖం కడుక్కుంది. ఆటో కోసం చూస్తూ నవ్వుతూ ఏదో చెప్పింది. హ్యాండ్ ల్యాంపు వెలుగులో పెదాలు చూసి పోల్చుకున్నాను.

"ఈ బండి నాకమ్మిన పెద్దాయన కూడా ఇలాగే అడిగాడన్నయ్యా. తాళాలు చేతిలో పెట్టి, 'చప్పుడేమైనా వినపడుతోందా అమ్మా' అని. నాకేం వినపడలేదు. పాపం, అంత ఆశగా అడుగుతుంటే లేదనడం ఎందుకని, ఆఁ, ఏదో వినపడుతోందండీ అన్నాను. అచ్చం నాలాగే ఏడ్చాడు."

నేను తలాడించాను. అర్థమైనా కాకపోయినా తలాడించడం నా వృత్తి.

ఆవిడ వెళ్ళాక బండిని జాకీ మీద లేపి, కింద స్టాండ్లు పెట్టి, చెక్క పలక మీద పడుకుని లోపలికి జరిగాను. ఆయిలు దించాను. వేళ్ళ మధ్య రాసి చూశాను. బేరింగు అరిగితే అందులో మెరుపు రజను కనిపించాలి. తేనెలా ఉంది ఆయిలు. ఆయిలు చాంబరు విప్పాను. ఒక్కో రాడ్డు మూతా ఊడదీసి బేరింగులు చూశాను. అద్దాల్లా ఉన్నాయి. వాటిల్లో నా ముఖం కనిపించింది. ముఖమే బాగాలేదు.

ఒళ్ళంతా వేడెక్కింది సిగ్గుతో. బాగున్న మనిషి పొట్ట కోసి, లోపలంతా బాగానే ఉందని తెలుసుకున్న డాక్టర్ని. ఇప్పుడు ఏం చెప్పాలి? మళ్ళీ బిగించేసి బాగుచేశానంటే సరిపోతుంది. ఎవరికి తెలుస్తుంది? అబద్ధం మీద ఇంకో అబద్ధం బిగిస్తే రెండూ గట్టిగా ఉంటాయి...

టక్. టక్. టక్.

ఆలోచన ఆగిపోయింది.

ఇంజన్ ఆగి చాలాసేపయింది. ఆగడమేమిటి, సగం ఇంజన్ నా పక్కన గుడ్డ మీద ఉంది.

మెల్లగా స్క్రూడ్రైవరు తీసి కొనని ఇంజన్ దిమ్మకి ఆనించాను. టక్ టక్ టక్. చాసిస్‌కి ఆనించాను. అదే చప్పుడు. నేలకి ఆనించాను. అదే. తర్వాత, ఎందుకు చేశానో తెలియదు, కొనని గాలిలో పెట్టాను. దేనికీ తగలకుండా.

టక్. టక్. టక్.

చెవిలో వేలు దూర్చాను. ఇంకా దగ్గరగా వినిపించింది.

డీజిలు, తడి మట్టి, కాలిన రబ్బరు. నా షెడ్డు వాసన నాకు తెలుసు, ముక్కు మాత్రం ఇంకా నాదే. ఆ వాసనల కింద ఇంకోటి వస్తోంది. పలచగా, పుల్లగా. విరిగిన పాల వాసన. పాలు తాగిన సీసా కడగకుండా మూత పెట్టి మరిచిపోతే వచ్చే వాసన. షెడ్డులో పాలు లేవు. టీ కూడా బయటే తాగుతాను.

ల్యాంపు చుట్టూ దోమలు తిరుగుతున్నాయి. ఒక్కసారిగా అన్నీ వెళ్ళిపోయాయి.



అప్పుడు నా బూటు అడుగున తట్టారు. మూడుసార్లు. మర్యాదగా.

ప్రాణం లేచొచ్చింది. మా ఆవిడ. ఇంత పొద్దుపోయినా ఇంటికి వెళ్ళలేదని వెతుక్కుంటూ వచ్చింది. "వస్తున్నా, ఉండు" అన్నాను, పానాలు సర్దుకుంటూ. సర్దుకుంటూనే ముందు చక్రాల మధ్య నుంచి బయటికి చూశాను. హ్యాండ్ ల్యాంపు వెలుగు తడి నేల మీద పరుచుకుని ఉంది. నా రెండు బూట్లు కనిపిస్తున్నాయి.

వాటి అవతల ఎవరి పాదాలూ లేవు.

మళ్ళీ తట్టారు. ఈసారి ఎడమ బూటు మీద మాత్రమే. కణుపులు కావవి. అంత గట్టిగా లేవు. మెత్తగా, గుప్పిట మూసి కొట్టడం ఇంకా సరిగ్గా రానివాళ్ళు కొట్టినట్టు...

కాళ్ళు లోపలికి లాక్కున్నాను. మోకాలు ఇనుముకి కొట్టుకుని చర్మం లేచిపోయింది. అరిచానేమో, నాకు తెలియదు. అరిస్తే వినడానికి నేనొక్కడినే ఉన్నాను, నాకు వినపడదు. అక్కడ ముడుచుకుని పడుకుని, గుడ్లక్క పెదాలు మళ్ళీ చూశాను, మనసులో. పెద్దాయన అడిగాడు. ఆవిడ అవునంది. ఆయనకి ఆగిపోయింది. ఆవిడ అడిగింది. నేను అవునన్నాను. ఆవిడకి ఆగిపోయింది. పెద్ద గ్యారేజీ వాళ్ళు నిజం చెప్పారు, హాయిగా ఇంటికి పోయారు.

నాకు అర్థమైంది. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోవాలి. నాకు అంతా అర్థమయ్యాకే మిగతాది జరిగింది.

చక్రాల మధ్య రెండు పాదాలు కనిపించాయి. నీళ్ళలో తడిసిన చెప్పులు, అరిగిన ఎడమ మడమ. ఆ మడమ నాకు తెలుసు. ఆవిడ వంగుతుండగానే నేను బయటికి పాకేశాను.

"ఫోను ఎన్నిసార్లు చేశానో" అంది మా ఆవిడ.

"సైలెంటులో ఉంది."

"అలాగేలెండి." గొడుగు మూసి గోడకి ఆనించింది. నా మోకాలు చూసింది, ముఖం చూసింది. "ఏమైందండీ?"

టక్ టక్ టక్. ఇప్పుడు మా ఇద్దరి మధ్య నుంచి వస్తోంది, కింద నుంచి. పాల వాసన.

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని గుసగుసగా అడిగాను.

"చప్పుడు వినపడుతోందా?"

ఆవిడ బండి వైపు చూడలేదు. నేల వైపు చూడలేదు. చెవి రిక్కించలేదు. కళ్ళు సగం దించి నా ముఖం చూసింది. నేను ఇన్నాళ్ళూ బండ్ల యజమానుల ముఖాలు ఎలా చూశానో, సరిగ్గా అలాగే. ఆ చూపు ఎక్కడ నేర్చుకుందో వేరే చెప్పక్కర్లేదు.

"ఆఁ" అంది మెల్లగా, నా చెయ్యి నిమురుతూ. "వినపడుతోందండీ."

నా ఎడమ చెవి మూసుకుపోయింది. దూది కుక్కినట్టు. ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందో చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.

ఇంటికి నడుస్తుంటే ఆవిడ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఏమిటని నేను అడగలేదు.

మర్నాడు ఇంజన్ ఎలా విప్పానో అలాగే బిగించి ఇచ్చేశాను. గుడ్లక్క బాగా నిద్రపోయి వచ్చింది, కళ్ళ కింద నలుపు సగం పోయింది. ఒక అట్ట గుడ్లు నా బల్ల మీద పెట్టి, పెద్ద గ్యారేజీకి చేతకానిది అన్నయ్య ఒక్క చెవితో పట్టేశాడని వీధంతా చెప్పింది. పంక్చరు బావ వచ్చి నా భుజం తట్టాడు. నేను ఉలిక్కిపడి బల్ల ఎక్కబోయాను.

ఆ రాత్రి మా ఆవిడకి చెప్పేశాను. "నాకు చెవులు వినపడవు."

"తెలుసండీ" అంది బట్టలు మడతపెడుతూ. "మీకు తెలుసో లేదోనని నేనే చెప్పలేదు."

ఇంకోరోజైతే దానికి నవ్వేవాణ్ణి. ఆవిడ ముందు కూర్చుని బతిమాలాను. "ఒక్కసారి నన్ను అడుగు. చప్పుడు వినపడుతోందా అని. ఒక్కసారి చాలు."

"ఛ. ఆ మాట మిమ్మల్ని నేను అడుగుతానా? ఇన్నేళ్ళలో అడిగానా?" నా నోటి మీద చెయ్యి పెట్టింది. "అయినా చప్పుడేమిటండీ? ఏమీ లేదు." నవ్వింది. ఆ నవ్వు నేను రోజూ బండ్ల దగ్గర నవ్వేదే. అబద్ధమని తెలుసుకోవడానికి చెవులక్కర్లేదు.

అప్పట్నుంచి చూస్తున్నాను. గరిట పట్టుకుని మధ్యలో ఆగిపోతుంది. తల పక్కకి వంచుతుంది. మొదట్లో ముఖం ముడుచుకునేది. ఈ మధ్య ముడుచుకోవడం లేదు. దానికే నాకు ఎక్కువ భయంగా ఉంది.

మాకు పిల్లల్లేరు. లేరని బాధపడటం కూడా ఎప్పుడో మానేశాం. మానేశాం అనుకున్నాను.

నిన్న సాయంత్రం నేను ముందుగదిలో నేలమీద కూర్చుని స్టవ్ బర్నరు శుభ్రం చేస్తున్నాను. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని గుండీ కుడుతోంది. సూది ఆగింది. తలుపు వైపు చూసింది. పెదాలు కదిలాయి.

"వస్తున్నా, ఉండు."

లేచి వెళ్ళి గడియ తీసింది. బయట నిజంగా ఎవరైనా తట్టారేమో, నాకెలా తెలుస్తుంది? వంగి చూశాను. మెట్లు, వాన వెలిసిన వీధి, ఆగి ఉన్న సైకిలు. మనిషి లేడు. ఎవరైనా వస్తే మనం వాళ్ళ ముఖం ఉండే ఎత్తున చూస్తాం కదా. మా ఆవిడ కిందికి చూసింది. నడుం వంచి, కుడిచేతి చూపుడువేలు ఒక్కటీ చాపి కిందికి అందించింది. ఆ వేలు కాస్త సాగినట్టయింది.

తలుపు మూసి వంటింటి వైపు నడిచింది. ఆ నడక... అడుగు వేసి ఆగుతుంది, మళ్ళీ అడుగు వేస్తుంది. పక్కన నడక రానివాళ్ళుంటే తప్ప అంత నెమ్మదిగా ఎవరూ నడవరు.

నేను అరచెయ్యి నేలకి ఆనించాను. ఆవిడ అడుగులు తెలిశాయి, ఇన్నేళ్ళ పరిచయం. ఆవిడ ఒక్కో అడుగుకీ పక్కన ఇంకో రెండు తెలిశాయి, చిన్నవి.

వంటింటి గుమ్మం దగ్గర మా ఆవిడ ఆగి నా వైపు తిరిగింది. నా చెయ్యి నేలమీద ఉండటం చూసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి, భయమో మరోటో తెలియలేదు. పెదాలు మాత్రం నాకు స్పష్టంగా కనిపించాయి.

"వినపడుతోందా అండీ?"

నేను బతిమాలుకున్న మాట. ఒక్క 'ఆఁ' అంటే చాలు. బతుకంతా అబద్ధంగా అన్నదే కదా, ఒక్కసారి దాన్ని మంచికి వాడుకోవచ్చు.

నేను తల దించుకుని బర్నరు తుడుచుకున్నాను. వినపడనట్టు. ఇన్నేళ్ళలో మొదటిసారి చెవిటివాడిలా కూర్చున్నాను.

కాసేపటికి ఆవిడ అడుగులు వంటింట్లోకి వెళ్ళిపోవడం చేతికి తెలిసింది. అవి మాత్రమే వెళ్ళాయి.

ఆ చిన్న అడుగులు అక్కడే కాసేపు నిలబడ్డాయి. తర్వాత నా వైపు బయల్దేరాయి, తడబడుతూ... ఆగుతూ... నేను తల ఎత్తలేదు. పాల వాసన నా మోకాళ్ళ దాకా వచ్చి, అక్కడ ఆగింది.